మావాడికి ఆపరేషన్

మా ఇంట్లో ఓట్లు ఐదు. మా అమ్మ, మా ఆవిడ, ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి ఒక జట్టు. నేనూ, సుల్తానూ రెండో జట్టు. ఏ తీర్మానం పెట్టినా ఎవరు గెలుస్తారో మీకు వేరే చెప్పాలా? దానికితోడు సుల్తాన్ అవసరాన్ని బట్టి అటు దూకేస్తాడు. గోడమీద పిల్లి అని పెద్దలు ఊరికే అనలేదు. వాడు అచ్చంగా అదే.

వాణ్ణి మా అమ్మాయి చేవెళ్ళ కూరగాయల మార్కెట్లో టమాట డబ్బాల సందులోంచి ఎత్తుకొచ్చింది. నేను ఆ ఊళ్ళోనే బ్యాంకు క్లర్కుని, కాపురం మొయినాబాద్‌లో. ఆ రోజు స్కూటర్ మీద ముందు టమాటలు, వెనక అమ్మాయి, అమ్మాయి చున్నీలో నారింజరంగు మూట ఒకటి. “డాడీ, రెండు రోజులే” అంది. మీ ఇంట్లోనూ ఇలా రెండు రోజుల కోసం వచ్చి స్థిరపడినవాళ్ళు ఉండే ఉంటారు. పేరు మాత్రం నేనే పెట్టాను. ఈ ఇంట్లో నేను పెట్టగా నిలిచిన పేరు అదొక్కటే.

టీకాలు వేయించినప్పుడే డాక్టరమ్మ చెప్పింది, “ఐదారు నెలలు రాగానే తీసుకురండి, ఆపరేషన్ చేసేద్దాం” అని. నేను తల ఊపి వచ్చేశాను. తల ఊపడం నాకు బాగా వచ్చు. పెళ్ళయిన దగ్గర్నుంచీ సాధనలో ఉంది.

ఆరేడు నెలలు నిండేసరికి వాడి మీసానికి అర్థం వచ్చింది. అర్ధరాత్రి ప్రహరీ ఎక్కి రాగం అందుకునేవాడు. తెల్లారేసరికి చెవి చిరిగి, ముక్కు గీరుకుని ఇల్లు చేరేవాడు. బుగ్గలు ఉబ్బాయి. మెడ బలిసింది. మా అమ్మ మాటల్లో చెప్పాలంటే అచ్చోసిన ఆంబోతు అయ్యాడు.

ఇక ఆ చిమ్ముడు సంగతి. మీ ఇంట్లో గండుపిల్లి ఉంటే ఈ పేరా వదిలేయండి, మీకు తెలిసిందే. మామూలుగా పోయాలంటే వాడు కూర్చుని కిందికి పోస్తాడు. ఇది అది కాదు. గోడకు వీపు పెట్టి నిలబడి, తోక నిటారుగా ఎత్తి, దాని కొస సన్నగా వణికిస్తూ వెనక్కి కొడతాడు. “ఈ ఆస్తి నాది” అని నిలువు గోడమీద రాసే దస్తావేజు అది. ఫెలినిన్ అని గంధకం ఉన్న పదార్థం ఒకటి పిల్లి మూత్రంలో ఉంటుందట, ఎదిగిన గండుపిల్లుల్లో అది మరీ ఎక్కువట, అది విరిగినప్పుడు వచ్చేదే ఆ కంపు అని మా అమ్మాయి ముక్కు మూసుకునే వివరించింది.

మీకు జీవో 111 తెలుసుగా? గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల్ని కాపాడటానికి 1996లో తెచ్చారు. చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. మొయినాబాద్, చేవెళ్ళ మండలాల ఊళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఆ జీవో ఉంటుందా పోతుందా అని ఇక్కడ ప్లాట్లున్నవాళ్ళు నిద్రపోకుండా కూర్చుంటే, మా సుల్తాన్ మాత్రం ఏ జీవోనూ లెక్కచేయకుండా కనబడిన ప్రతి హద్దురాయి మీదా సంతకం పెట్టుకుంటూ పోయాడు. రంగారెడ్డి జిల్లాలో ఒక్క రూపాయి రిజిస్ట్రేషన్ ఖర్చు లేకుండా అంత భూమి సంపాదించినవాడు ఇంకొకడు లేడు.

బయటికి కసిరేవాణ్ణి. లోపల మాత్రం, మీ దగ్గర దాపరికమెందుకు, మురిసిపోయేవాణ్ణి. నేను బస్సులో నా సీట్లో కూర్చున్నవాణ్ణి లెమ్మని కూడా అనలేను. మొయినాబాద్‌లో ఫామ్‌హౌస్‌లకు కొదవ లేదు, వాటి గేట్లు మనలాంటివాళ్ళకు తెరుచుకోవు. మా ఇంటి మగాడొకడు రాత్రికి రాత్రి వాటి గోడలన్నీ దూకి, ఎవడితోనో కొట్లాడి, ఎవత్తెనో పలకరించి, పొద్దున్నే వచ్చి నా కాళ్ళ దగ్గర పడుకుంటుంటే నా ఛాతీ కాస్త విరుచుకునేది. వాడి చిరిగిన చెవికి పసుపు రాస్తూ, “ఎంతమంది వచ్చార్రా?” అని అడిగేవాణ్ణి.

ఈ మురిపెం నా హెల్మెట్ దాకా వచ్చి ఆగింది. వాడు దానిలోపల సంతకం పెట్టిన సంగతి తలకు పెట్టుకుని కొంతదూరం పోయాకగానీ తెలియలేదు. ఆ రోజు నా కౌంటర్ ముందు లైను లేదు. పక్క కౌంటర్ ముందు బజారు దాకా ఉంది. ఎప్పుడూ పలకరించని మేనేజర్ వచ్చి, “ఇంట్లో అంతా బాగేనా?” అని పరామర్శించి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తీర్మానం అయిపోయి ఉంది. “రేపో ఎల్లుండో ఆపరేషన్ చేపియ్యాలె” అంది మా ఆవిడ. “కొన్నాళ్ళు చూద్దాం” అన్నాను. “ఏం జూస్తరు? నా పట్టుచీర మీద గూడ సంతకం బెట్టినంక చూస్తరా?”

నా భయం నాది. మా నాయన తరంవాళ్ళు ఎమర్జెన్సీ చూసినవాళ్ళు. 1976–77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 62 లక్షల మంది మగవాళ్ళకు వేసెక్టమీలు చేశారు. జీపు చప్పుడు వింటే మా నాయన జొన్నచేలో దూరేవాడట. ఆ పరుగు నాకు రక్తంలో వచ్చింది. జొన్నచేను మాత్రం రాలేదు, అమ్మేశారు.

ఆ వారం మా మామ వచ్చాడు. చేవెళ్ళ దగ్గర పల్లెలో సేద్యం చేసిన మనిషి. ఆయనైనా నా పక్షం ఉంటాడనుకున్నా. “గిదేం పెద్ద కథ అల్లుడా? కోడెకు విత్తులు గొట్టిస్తెనే గద ఎద్దయి కాడికి మెడ వంచుతది. మా దిక్కు పశువుల డాక్టర్ బర్డిజో పటకారు బట్టుకొస్తుండె. కొయ్యుడు లేదు, నెత్తురు లేదు. లోపలి నరం నలిపిండంటె అయిపాయె.” ఆయన చేతుల్తో నలిపి చూపిస్తుంటే నేను కుర్చీలో కాళ్ళు దగ్గరికి పెట్టుకున్నాను.

“ఎద్దయితడంటే ఎట్ల మామా? వాడి పౌరుషమంతా పోదూ?” అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. “ఎద్దయితె పనికన్న వొస్తది నాయినా. మీ అల్లునికి ఏ ఆపరేషన్ గాలె. ఈయన పౌరుషం ఏడున్నదో జర దేవులాడి చెప్పు.”

మా మామ నావైపు జాలిగా చూసి, టీ తాగి, చివరి బస్సుకి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది దేవుడే. చిలుకూరు మాకు దగ్గర. బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి కోరుకోవాలి, తీరాక 108 చేయాలి. హుండీ కూడా లేని దేవుడు, మనలాంటివాళ్ళకు అనుకూలం. “స్వామీ, వాడి మగతనం వాడికి ఉంచి బుద్ధి మాత్రం మార్చు” అని మొక్కాను. ఇంటికొచ్చి గర్వంగా చెప్తే మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తింది. “డాడీ, ఆయన వీసా బాలాజీ. ఊళ్ళు తిరగడానికే హెల్ప్ చేస్తాడు, మానడానికి కాదు.” నిజంగానే ఆ వారమంతా సుల్తాన్ ఇల్లు పట్టలేదు.

వచ్చినప్పుడు కుంటుతూ వచ్చాడు. తొడమీద కాటు, కాటు కింద చీము గడ్డ. అప్పుడు మాత్రం నాకూ కాళ్ళు ఆడలేదు. నొప్పి తగ్గుతుందని నా జ్వరం మాత్ర సగం విరిచి పాలల్లో కలుపుతున్నాను. మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. పారాసెటమాల్ పిల్లికి విషమట. దాన్ని విరగ్గొట్టే శక్తి వాటి కాలేయానికి లేదట, సగం మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు కూడా పడవట. ఒక్క గిన్నెలో రెండు పొరపాట్లు కలిపిన ఘనుణ్ణి నేను. ఇది మాత్రం నవ్వులాటకి చెప్పడం లేదు, మీ ఇంట్లో పిల్లుంటే గుర్తుపెట్టుకోండి.

గడ్డ మానగానే ఆపరేషన్ మాట మళ్ళీ వచ్చింది. “డాక్టరమ్మకు తీరిక దొరకాలి కదా” అని చివరి అస్త్రం వేశాను. “రాజేంద్రనగర్‌ల పీవీ పేరు మీద పశువుల యూనివర్సిటే ఉన్నది. మీకు ఒక్క డాక్టర్ దొరుకుతలేడా?” అంది మా ఆవిడ. అస్త్రం వెనక్కి వచ్చి నాకే తగిలింది.

బుట్టలో పెట్టుకుని పట్నం బయల్దేరాం. రాత్రి నుంచీ తిండి పెట్టొద్దన్నారు కాబట్టి వాడు బీజాపూర్ రోడ్డు పొడవునా మా వంశాన్ని తిట్టాడు. అటూ ఇటూ మర్రిచెట్లు. ఈ రోడ్డుమీద దాదాపు 900 ఉన్నాయి. వెడల్పు కోసం కొట్టేస్తామంటే జనం కదిలారు, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. చెట్టుకొమ్మ కోసం అంతమంది ఉన్నారు, మా సుల్తాన్ తరఫున వాయిదా అడిగేవాడు ఒక్కడూ లేడే అనుకుంటూ నేను మౌనంగా బండి నడిపాను.

డాక్టరమ్మకి నా ముఖం చూడగానే రోగి ఎవరో అర్థమైనట్టుంది. ముందు నన్నే కూర్చోబెట్టింది. మగవాళ్ళకు చేసే వేసెక్టమీలో గొట్టాలు మాత్రమే కత్తిరిస్తారు, హార్మోన్లు ఎక్కడికీ పోవు, పిల్లికి చేసేది వేరు, వృషణాలే తీసేస్తారు అంది. టెస్టోస్టిరాన్ రక్తంలోంచి త్వరగానే పోతుంది గానీ దాని వల్ల వచ్చిన అలవాట్లు పోవడానికి వారాలు పట్టొచ్చు. 1973లోనే అమెరికాలో హార్ట్, బారెట్ అనే ఇద్దరు పరిశోధకులు ఆపరేషన్ అయిన ఎదిగిన గండుపిల్లుల తీరు పరిశీలించారట. తిరుగుడు, కొట్లాట, చిమ్ముడు, ఈ మూడూ పదింట దాదాపు తొమ్మిది పిల్లుల్లో తగ్గాయి.

“మరి మనిషి... అదే, పిల్లి మనసు?” అన్నాను.

“ఆట, వేట, మనుషుల మీద ప్రేమ, అల్లరి, వీటికి ఆ హార్మోనుతో పెద్ద పని లేదండీ. వాడి స్వభావం వాడిదే. ఆకలి మాత్రం పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. తిండి కొలిచి పెట్టకపోతే లావెక్కుతాడు. ఇంకోమాట, ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని వారాలపాటు విత్తనం మిగిలి ఉండొచ్చు, బయటికి వదలకండి.”

పక్కనుంచి మా అమ్మాయి నా చెయ్యి తట్టి ధైర్యం చెప్పింది. “డాడీ, ఢిల్లీ సుల్తాన్ సేనాని మాలిక్ కాఫూర్‌కి కూడా ఇదే చేశారు. అయినా 1310లో ఓరుగల్లు కోటని లొంగదీసుకోలేదా?” చరిత్రలో ప్రతాపరుద్రుడి పక్షం తప్ప ఎరగని నాకు, మొదటిసారి అవతలివాడి విజయం ఊరటనిచ్చింది.

ఆపరేషన్ ఎంతసేపో పట్టలేదు. నేను సంతకం పెట్టి, టీ తాగి వచ్చేసరికి అయిపోయింది. కుట్లు కూడా లేవు. మత్తులో నాలుక బయటపెట్టుకుని పడుకున్న వాణ్ణి చూసి నా కళ్ళు చెమర్చాయి. మా ఆవిడ చూడకుండా తుడుచుకున్నాను. చూసింది.

అసలు కథ మర్నాడు జరిగింది. నేను సెలవు పెట్టాను. బ్యాంకు నుంచి ఫోన్ వస్తే మా అమ్మ ఎత్తింది. “ఏం జెప్పాలె నాయినా, మావానికి ఆపరేషన్ అయింది. గదే, మగోళ్ళకు జేసేది. మత్తు దిగినంక గోడలు వట్టుకొని నడుస్తుండు. జర గంజి తాగి పన్నడు.” ఆమెకు మావాడంటే సుల్తానే. నేను ఎప్పట్నుంచో “ఈడు” అయిపోయాను.

సాయంత్రానికి మా స్టాఫంతా దిగారు. హార్లిక్స్ సీసా, బ్రెడ్డు, యాపిల్స్, కొబ్బరి బోండాలు. నేను లుంగీలో ఎదురెళితే, “లేవకు లేవకు, పడుకో” అని నలుగురు పట్టి మంచంమీద వాల్చారు. క్యాషియర్ నా చెవిలో, “ఈ వయసులో ఎందుకన్నా?” అన్నాడు. మేనేజర్ అయితే నా చెయ్యి పట్టుకుని, మగవాళ్ళు ముందుకు రాని ఈ రోజుల్లో నేను చేసిన పని బ్యాంకుకే గర్వకారణమన్నాడు. ఇంత గౌరవం నాకు ముప్పయ్యేళ్ళ సర్వీసులో దక్కలేదు. నిజం చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. కొబ్బరినీళ్ళు కూడా చల్లగా ఉన్నాయి.

మా ఆవిడ టీ ట్రేతో వచ్చి, చుట్టూ చూసి, “మీరు పరేషాన్ గాకున్రి. ఈయనది గాదు, పిల్లిది” అని చెప్పి కప్పులు అందించింది. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. హార్లిక్స్ మాత్రం వదిలేసి వెళ్ళారు.

వారాలు గడిచాయి. వాడి మార్పు కోసం నేను పొంచి చూశాను. రాత్రి రాగాలు ఆగాయి. గోడలమీద దస్తావేజులు పలచబడి, చివరికి మానేశాడు. మిగతావి? కిటికీలో బల్లిని చూస్తే అదే పులి. మా ఆవిడ చేపలు కడుగుతుంటే అదే దొంగ. నేను పేపర్ పరిస్తే సరిగ్గా నేను చదివే వార్తమీదే పడక. వాడిలో తగ్గినవి నేను చాటుగా మురిసిపోయినవి, మిగిలినవి నన్ను వేధించేవి. పోనీ కొట్లాటలు లేవుగదా, తీరిగ్గా ఉన్నాడుగదా, నా ఒళ్ళో కూర్చుంటాడేమోనని ఆశపడ్డాను. కూర్చుంటాడు. మా ఆవిడ ఒళ్ళో. నావైపు చూస్తూ.

ఆకలి మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే పెరిగింది. పొట్ట జారింది. మా ఆవిడ ఒక స్టీలు గిన్నె పెట్టి వాడికి కొలిచి పోయడం మొదలుపెట్టింది. అదే రోజుల్లో నాకు షుగర్ పరీక్ష చేయించింది. ఆ కాగితం వచ్చాక రెండో గిన్నె కొన్నది. ఇప్పుడు పొద్దున్నే వంటింటి గడపలో మేమిద్దరం కూర్చుంటాం. వాడికి ముందు పెడుతుంది.

ఇంతలో పక్కింటి నల్లపిల్లి ఈనింది. నాలుగు. పక్కింటావిడ గోడ మీదనుంచి నావైపు చూసిన చూపులో ఆరోపణ ఉంది. నేను లాయర్ని కాకపోయినా వాదించాను. మావాడు నారింజ, పిల్లల్లో ఒక్కటీ నారింజ లేదు. రెండు మగవి, నల్లవి. రెండు ఆడవి, నలుపూ నారింజా కలిసిన చుక్కలు. మావాడికేం సంబంధం?

మా అమ్మాయి చేతిలో పెన్ను ఉంది. అదే నా ఖర్మ. “డాడీ, నారింజ రంగు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లకి తండ్రి ఇచ్చేది వై, కాబట్టి రంగు తల్లిదే వస్తుంది. నల్లతల్లికి నల్లకొడుకులు. ఆడపిల్లకి తండ్రి ఎక్స్ ఒకటి వస్తుంది. నల్లతల్లికి నలుపూ నారింజా కలిసిన కూతుళ్ళు పుట్టారంటే తండ్రి కచ్చితంగా నారింజే. 2025లో జపాన్‌వాళ్ళు, అమెరికావాళ్ళు ఆ జన్యువు ఏదో కూడా పట్టేశారు.” మా కాలనీలో నారింజ గండుపిల్లి ఒక్కడే.

“ఆపరేషన్ అయ్యాక పుట్టాయి కదా!” అన్నాను.

మా ఆవిడ వేళ్ళమీద లెక్కపెట్టింది. పిల్లికి గర్భం రెండు నెలలపైన రెండు మూడు రోజులు. “సరిగ్గ మీరు చిలుకూరు పోయొచ్చిన వారమే. మగతనం ఉంచమని మొక్కిన్రు గద, ఉంచిండు స్వామి. పొయ్యి నూటెనిమిది తిరగున్రి.”

తిరిగాను. మోకాళ్ళు ఇంకా నొప్పి.

నేరం రుజువయ్యాక పక్కింటావిడ పిల్లల్ని మాకే అప్పజెప్పింది. మగపిల్లలిద్దర్నీ మా మామ పొలం దగ్గరికి తీసుకెళ్ళాడు, ఎలుకలున్నాయని. ఆడపిల్లలు రెండూ ఇంకా మాదగ్గరే ఉన్నాయి. పాలు మరిచాయి, ఇసుక డబ్బాలో పోయడం నేర్చాయి, చూడటానికి ముచ్చటగా ఉంటాయి. చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టుపక్కల ఎవరైనా పెంచుకుంటామంటే దయచేసి వచ్చి తీసుకెళ్ళండి. ఐదారు నెలలు రాగానే ఆపరేషన్ చేయిస్తామని మాటివ్వాలి. ఆ మాట ఇంటాయన ఇస్తే చెల్లదట, ఇంటావిడే ఇవ్వాలట. మా ఆవిడ షరతు అది. త్వరగా రండి, ఇంట్లో ఓట్లు ఐదు–రెండు అయి కూర్చున్నాయి.